కొబ్బరిపీచు సంస్థ రహస్యాలు

కొబ్బరిపీచుతో తాళ్ళూ, కాళ్ళు తుడుచుకునే పట్టాలూ చేయించి అమ్మే సంస్థకి రహస్యాలేముంటాయని మీరు అడగొచ్చు. ఎండీగారు మూడు రోజుల సెమినారుకి వెళ్ళొచ్చేదాకా సంస్థకీ తెలీదు.

సెమినారు ఏదో కొండమీది హోటల్లో జరిగింది. రెండోరోజు మధ్యాహ్నం ఎండీగారు భోజనం బరువు మీద చిన్న కునుకు తీస్తుండగా, వేదిక మీద ఒకాయన బల్ల గుద్ది, "మీ ఆఫీసుల మధ్య లైను మీ సొంతమే కదా అని ధీమాగా ఉన్నారా? ఆ సొంత లైన్లోనే మీ సమాచారం ఒంటిమీద గుడ్డముక్క లేకుండా పరుగెడుతోంది!" అన్నాడు. ఎండీగారు ఉలిక్కిపడి లేచారు. విజయవాడ హెడ్డాఫీసు నుంచి అన్ని బ్రాంచీలకీ సంస్థకో సొంత లైను ఉంది మరి. పదేళ్ళుగా ఆ లైను మీద పట్టాల లెక్కలూ, సెలవు చీటీలూ సిగ్గూ ఎగ్గూ లేకుండా తిరుగుతున్నాయని తలుచుకునేసరికి ఆయనకి సాయంత్రం పకోడీలు సయించలేదు.

వచ్చిన వారానికే అన్ని బ్రాంచీలకీ వీడియో మీటింగు పెట్టారు. ఇటు చివర సోంపేట బ్రాంచిలో, మేనేజరు పట్నాయక్‌గారి వెనక కుర్చీలో సీనియర్ అసిస్టెంటు భీమశంకరం కూర్చుని ఉన్నాడు. మనిషి సోంపేటలో ఉన్నాడు గానీ మనసు ఎప్పుడూ కాకినాడలోనే ఉంటుంది. భార్య వసుంధర అక్కడ స్కూలు టీచరు. ఆరేళ్ళుగా శనివారం రైలెక్కి వెళ్ళడం, సోమవారం రైలు దిగి వచ్చేయడం. వచ్చిన టికెట్లూ వెళ్ళిన టికెట్లూ పారెయ్యకుండా ఓ బిస్కట్ల డబ్బాలో దాచాడు. ఎందుకయ్యా అంటే, "ఉండనీండి, ఎప్పుడో పనికొస్తాయి" అనేవాడు. అతని గదిలో పెళ్ళిశుభలేఖల కవర్లు కూడా అందుకే ఉన్నాయి.

తెర మీద నౌషాద్ అనే ఇంజనీరు చిన్న నల్లపెట్టె ఎత్తి చూపించాడు.

"చాలా చిన్న పని సార్. లైనుకి రెండు చివర్లా ఇలాంటి పెట్టె పెట్టేశాం. ఈ చివరది సమాచారాన్ని మెలివేసి పంపుతుంది, ఆ చివరది మెలి విప్పుతుంది. మధ్యలో ఎవడు తొంగి చూసినా వాడికి ముక్క అర్థం కాదు. మీ వాళ్ళెవరూ ఏమీ చెయ్యక్కర్లేదు."

ఎండీగారి మొహం వాడిపోయింది. "ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదా? మరి చేసినట్టు ఫైల్లో ఏం పెట్టాలి?"

"పెట్టె మీద పచ్చదీపం వెలుగుతుంది సార్."

"దీపాన్ని ఫైల్లో పెట్టలేం కదయ్యా! భద్రత అనేది కంటికి కనబడాలి. దాని మీద ఇద్దరి సంతకాలుండాలి. ఇకనుంచి ప్రతి ఉత్తరాన్నీ మన సిబ్బందే చేత్తో అంకెల్లోకి మార్చి, అప్పుడు లైన్లో పెడతారు."

"పెట్టండి సార్, నష్టం లేదు. దాని పైన మా పెట్టె కూడా ఇంకోసారి మెలివేస్తుంది."

ఎండీగారు జాలిగా నవ్వారు. "నౌషాద్‌గారూ, నేను ముప్ఫై ఏళ్ళుగా పీచులో ఉన్నాను. కుడికి మెలివేసిన తాడుని తెచ్చి ఎడమకి మెలివేస్తే ఏమవుతుంది?"

"విడిపోతుంది సార్!" అని అన్ని బ్రాంచీల నుంచీ ఒకేసారి వినబడింది.

"విన్నారా? మేం ఇక్కడ కష్టపడి మెలివేసిన ఉత్తరాన్ని మీ పెట్టె మళ్ళీ మెలివేసి సాదాగా విప్పి పారేస్తే? లోకమంతా చదవదూ?"

నౌషాద్ నోరు తెరిచాడు. పీచులో తల నెరిసిన పదహారుమంది మేనేజర్లు తెర మీద గంభీరంగా తలలూపుతున్నారు. చేతిలో పెట్టెని సంచీలో పెట్టేసుకున్నాడు. ఆ సాయంత్రమే ఎండీగారి ఉత్తర్వు ప్రకారం, భద్రతా కారణాల దృష్ట్యా, పెట్టెలన్నిట్లోనూ మెలివేసే ఏర్పాటు ఆపేశారు.

మర్నాడు సర్క్యులరు వచ్చింది. "సంస్థకు చెందిన ఒక సైటు నుండి మరొక సైటుకు ఏ సమాచారమూ సాదా రూపంలో పోరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అక్షరమునకొక అంకె చొప్పున పట్టిక జతపరచడమైనది. ప్రతినెలా ఒకటవ తారీకు నుండి కొత్త పట్టిక అమలులోకి వచ్చును. అతిక్రమించినవారు చర్యకు పాత్రులగుదురు."

పట్నాయక్‌గారికి రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. ఆ రెండేళ్ళూ ఏ చర్యకీ పాత్రుడు కాకుండా గడిపెయ్యాలన్నది ఆయన జీవితాశయం. సర్క్యులరు రెండుసార్లు చదివి భీమశంకరాన్ని పిలిచారు.

"ఈ అంకెల పని నువ్వు చూడవయ్యా శంకరం. ఎలాగూ ఫ్యామిలీ ఇక్కడ లేదు, సాయంత్రాలు నీకు ఖాళీయే."

ఆ రోజునుంచి భీమశంకరానికి ఖాళీ అనే మాట వినడమే తప్ప చూడటం లేదు. ఒక పేజీ ఉత్తరాన్ని అంకెల్లోకి మార్చడానికి పూటన్నర పట్టేది. మంచినీళ్ళ ఫిల్టరు పాడయిందని హెడ్డాఫీసుకి రాసిన నాలుగు లైన్లు మూడు పేజీల అంకెలయ్యాయి. తొమ్మిదో రోజున రెండు పేజీల అంకెలు తిరిగొచ్చాయి. ఒక రోజంతా కూర్చుని విప్పితే, "మీ ఉత్తరము అందినది. మంచినీళ్ళ ఫిల్టరు అనగానేమో వివరించగలరు" అని తేలింది.

హెడ్డాఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేసి "బాగున్నారా పట్నాయక్‌గారూ?" అంటే ఆయన వణికిపోయి, "అది సాదా సమాచారమండీ" అని పెట్టేసేవారు. పదిరోజులకి ఆయనకి ఇంకో సత్యం తట్టింది. రోడ్డుకి అవతల ఉన్న గోడౌను కూడా సంస్థకి చెందిన సైటే!

అంతవరకూ లారీ వస్తే అటెండరు తవిటమ్మ గోడౌను గుమ్మంలో నిలబడి, "బాబూ, లారీ ఒచ్చినాదీ!" అని ఓ కేక పెట్టేది. ఆఫీసుకే కాదు, బస్టాండు దాకా వినబడేది. ఇప్పుడలా కాదు. భీమశంకరం రోడ్డు దాటి వెళ్ళి లారీని కళ్ళారా చూసి, ఆఫీసుకొచ్చి, లారీ వచ్చిందన్న సంగతి అంకెల్లో రాసి తవిటమ్మ చేతికిస్తే, ఆమె దాన్ని గోడౌనుకి తీసికెళ్ళి, అక్కణ్ణుంచి వచ్చినట్టుగా మళ్ళీ ఆఫీసుకి తెచ్చి ఇవ్వాలి. అప్పుడు పట్నాయక్‌గారు, "ఓహో, లారీ వచ్చిందన్నమాట" అని ఆశ్చర్యపోవాలి. ఈలోగా లారీ డ్రైవరు ఓ నిద్ర తీసి, స్నానం చేసి, ఓ పూట భోజనం కూడా కానిచ్చేవాడు.

"ఇదేటి బాబూ," అంది తవిటమ్మ ఓ రోజు, "నాను నోరిప్పితే ఉజ్జోగం పోద్దంటారు, ఇప్పకపోతే లారీ ఉండిపోద్ది. నన్నేటి సెయ్యమంటారు?"

"కాగితం మొయ్యి తవిటమ్మా. అదే భద్రత" అన్నాడు భీమశంకరం.

మూడో నెల మూడో తారీకున తవిటమ్మ టీ గ్లాసు బల్లమీద పెడుతూ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు రెండు గదులకే వినబడింది.

"శంకరంబాబూ, లడ్డూలు తెండి. మీకు కాకినాడ అయిపోనాది."

భీమశంకరం చేతిలో పెన్ను జారిపోయింది. "ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడు లోకనాథం సెప్పినాడు."

లోకనాథం సంస్థ వ్యాను డ్రైవరు. వారానికోసారి సోంపేటలో పట్టాలు ఎక్కించుకుని, దారిలో ఉన్న బ్రాంచీలన్నీ తాకుతూ విజయవాడ వెళ్ళొస్తాడు. సర్క్యులర్లో సైటు నుంచి సైటుకి అని ఉంది గానీ వ్యాను గురించి ఏమీ లేదు.

"పెద్దాపీసులో టైపు కొట్టినామె సెప్పినాదంట. ఒకటో తారీకునే ఆర్డరు పంపించినారంట. కానీ బాబూ, పదిహేనో తారీకు లోపల మీరెల్లి జాయినవ్వకపోతే, దాన్ని పాలకొల్లు ఆయనెవరికో ఇచ్చెస్తారంట."

భీమశంకరం ఒక్క అంగలో ఫైలు దగ్గరికి వెళ్ళాడు. ఒకటో తారీకున రెండు కాగితాలొచ్చాయి. మొదటిది ఈ నెల కొత్త పట్టిక. రెండోది మూడు పేజీల అంకెలు, అదే ఆర్డరై ఉండాలి. పట్టిక చూసి ఆర్డరు విప్పుదామని మొదటి కాగితం తీశాడు. అదీ అంకెల్లోనే ఉంది.

పోయిన నెలల్లో కొత్త పట్టికని ముందు నెల ఆఖరి తారీకున, పాత పట్టికలో రాసి పంపేవారు. ఈసారి ఆఖరి తారీకు ఆదివారం అయింది. సెలవు. అందుకని ఒకటో తారీకు సోమవారం పంపారు. ఒకటో తారీకు నుంచి అన్నీ కొత్త పట్టికలోనే ఉండాలి కదా అని, కొత్త పట్టికని కొత్త పట్టికలోనే రాసి పంపారు. వసుంధర ఓసారి ఊరెళ్తూ బీరువా తాళం భద్రంగా ఉంటుందని బీరువాలోనే పెట్టి తలుపు నొక్కేసింది. భీమశంకరానికి అది గుర్తొచ్చింది.

పట్నాయక్‌గారి గదిలోకి పరుగెత్తాడు. "సార్, కొత్త పట్టికని కొత్త పట్టికలోనే పంపారండి!"

"మరి? రూలు రూలే. పట్టికకి మినహాయింపు ఇవ్వమంటావా?"

"అది చదవాలంటే ముందు అదే మన దగ్గరుండాలి కదండీ."

"నువ్వు చదవాలని సర్క్యులర్లో ఎక్కడుందయ్యా? పంపాలని ఉంది. పంపారు."

"ఆ రెండో కాగితం నా బదిలీ ఆర్డరండి."

పట్నాయక్‌గారు కళ్ళద్దాలు తీశారు. "నీకెలా తెలుసు?"

గుమ్మంలో తవిటమ్మ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"ఊరికే... అలా అనిపించిందండి" అన్నాడు భీమశంకరం.

"అనిపించకూడదు. విప్పని ఉత్తరంలో ఏముందో అనిపించడం కూడా లీకు కిందకే వస్తుంది."

పట్టిక మళ్ళీ పంపమని పాత పట్టికలో ఉత్తరం రాశారు. రెండో రోజుకే, దేనికో గానీ, అంకెల్లో ఒక జవాబొచ్చింది. అది చదవడానికి పట్టిక లేదు. అయినా పట్నాయక్‌గారు సంతోషించారు. "చూశావా, జవాబులు ఎంత చురుగ్గా వస్తున్నాయో."

ఐదో తారీకున భీమశంకరం తెగించి హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. సెక్షన్లో ఆమె గుసగుసగా మాట్లాడింది.

"సాదా మాటల్లో చెప్తే నా ఉద్యోగం పోతుందండీ. అంకెల్లో అయితే చెప్తాను, రాసుకోండి."

ముప్ఫై ఐదు నిమిషాలు ఆమె చెప్పింది, అతను రాసుకున్నాడు. అయ్యాక పోల్చి చూసుకుంటే, తన దగ్గరున్న మూడు పేజీల్లో ఉన్న అంకెలే అవి. ఒక్క తప్పు లేదు.

ఆ శనివారం కాకినాడ వెళ్ళేసరికి వసుంధర అప్పటికే ఇంటి ముందు గదికి సున్నం వేయించేసింది. తవిటమ్మకి ఆమె ఫోన్ నెంబరు తెలుసు మరి. పాలవాడికి ఇంకో అర లీటరు ఎక్కువ చెప్పింది. స్టాఫ్‌రూములో అందరికీ మైసూరుపాకు పంచింది. పక్కింటివాళ్ళు వచ్చి, "మొత్తానికి వచ్చేస్తున్నారన్నమాట!" అని అభినందించి, కాఫీ తాగి వెళ్ళారు.

"ఆర్డరు చూపించండి, దేవుడి దగ్గర పెడతాను" అంది వసుంధర.

మూడు పేజీల అంకెలు చూపించాడు. ఆమె తిప్పి తిప్పి చూసింది.

"ఇదేమిటండీ, కరెంటు మీటరు రీడింగులా ఉంది! ఊరందరికీ తెలిసిన సంగతి మీ ఒక్కళ్ళకీ తెలీకపోవడమేమిటి?"

"తెలుసే. కానీ ఆఫీసు ప్రకారం తెలీదు."

"పదిహేనో తారీకు దాటితే ఆ పాలకొల్లాయన వచ్చి ఇక్కడ కూర్చుంటాడు. అప్పుడు మైసూరుపాకు తిన్నవాళ్ళకి నేనేం చెప్పను? ఆరేళ్ళుగా శనివారం అల్లుడిలా వచ్చి సోమవారం పొద్దున్నే పోతారు. నాకు మాత్రం మంగళవారం కూడా మొగుడుండాలని ఉండదా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. భీమశంకరం అడగలేదు.

సోమవారం ఎనిమిదో తారీకు. గోడౌను దగ్గర లోకనాథం వ్యాన్లోకి పట్టాలు ఎక్కిస్తున్నాడు. భీమశంకరం మెల్లగా పక్కకి చేరాడు.

"లోకనాథం, మేం పంపే ఉత్తరాలు అక్కడ ఎవరైనా విప్పుతారా అసలు?"

"విప్పడానికి ఒకాయనున్నాడు బాబూ. ఆయన ఇంకా మొదటి నెల ఉత్తరాల కాడే ఉన్నాడు. ముందు తనికీ గదని ఒకటుంది. ముగ్గురు కూకుంటారు. కాయితం సదువుతారు. ఒక్క ముక్క అర్థమైనా ఎనక్కి కొట్టెస్తారు. ముగ్గురికీ ఏటీ అర్థం కాకపోతే 'భద్రము' అని ముద్రేసి, ఒక నకలు పంపినోళ్ళకే పంపించెస్తారు."

"ఏమీ అర్థం కాకపోతే ముద్రేస్తారా?"

"అవును బాబూ. అర్థమైతే తప్పు కదా మరి?"

భీమశంకరం ఆ సాయంత్రం పెందలాడే ఆఫీసులోంచి బయటపడ్డాడు. గదికి వెళ్ళి మంచం కింద నుంచి బిస్కట్ల డబ్బా లాగాడు.

ఐదువందల చిల్లర టికెట్లున్నాయి. ఒక్కోటి తీసి దాని నెంబరు వరసగా రాయడం మొదలుపెట్టాడు. తుపాను రోజు సగందాకా వెళ్ళి తిరిగొచ్చిన టికెట్టు. వసుంధరకి జ్వరమని మంగళవారం పూట వెళ్ళిన టికెట్టు. పెళ్ళిరోజుకని వెళ్తే, స్కూల్లో ఇన్‌స్పెక్షనుందని ఆమె ఇంట్లో లేని టికెట్టు. రాస్తూ రాస్తూ ఒకటి రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మొత్తం పదకొండు పేజీలయింది. మర్నాడు పట్నాయక్‌గారి ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"మొన్నొచ్చిన ఆ రెండో కాగితానికి జవాబండి."

"అందులో ఏముందో తెలీకుండా జవాబెలా రాశావు?"

"ఈ జవాబులో మాత్రం ఏముందో ఎవరికి తెలుస్తుందండి?"

పట్నాయక్‌గారు ఆలోచించారు. న్యాయంగానే తోచింది. పదకొండు పేజీలూ శ్రద్ధగా చదివారు. "ఒక్క ముక్క అర్థం కాలేదయ్యా. చాలా బాగా రాశావు" అని ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు.

పన్నెండో తారీకు శుక్రవారం ఆ ఉత్తరం పేజీకో 'భద్రము' ముద్రతో తిరిగొచ్చింది. భీమశంకరం దాన్ని పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"ముద్ర పడింది సార్. దీని ప్రకారం నేను కాకినాడ వెళ్ళాలండి."

"ఇందులో అలా ఉందా?"

"ఇందులో మొదటినుంచి చివరిదాకా ఉన్నది కాకినాడ వెళ్ళడమేనండి" అన్నాడు భీమశంకరం. ఆ నెలలో ఆ ఆఫీసులో ఎవరైనా పలికిన ఒకే ఒక్క పచ్చినిజం అది.

పట్నాయక్‌గారు ముద్ర వంక చూశారు. ముద్ర పడినదాన్ని కాదంటే తను చర్యకి పాత్రుడవుతానేమోనని భయం వేసింది. రిలీవ్ చేసేశారు. తవిటమ్మ గుమ్మం దాకా వచ్చి, "మరి లడ్డూలో?" అంది. రెండు కిలోలు కొనిపెట్టి రైలెక్కాడు.

పదిహేనో తారీకు పొద్దున్న పదిన్నరకి కాకినాడ బ్రాంచిలో పదకొండు పేజీలు బల్లమీద పెట్టాడు. అక్కడి మేనేజరు తిరగేసి, "ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏం రాశారో తెలీటం లేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉంది" అని కుర్చీ చూపించాడు. పాలకొల్లు ఆయన ఆ మధ్యాహ్నం వచ్చి కుర్చీ చూసి, ఓ టీ తాగి వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ మూడు నెలల తరవాత, సంస్థ భద్రత ఎంత గట్టిదో తేల్చడానికి ఎండీగారు ఓ కమిటీ వేశారు. కమిటీ అన్ని ఉత్తరాల్నీ కంప్యూటరుకిచ్చి, గుట్టు లాగమంది. ఒక్కటి తప్ప అన్నీ పావుగంటలో సాదా తెలుగులోకి వచ్చేశాయి. పావుగంటకి లొంగనిది ఒకే ఒక్క ఉత్తరం, సోంపేట నుంచి వచ్చిన పదకొండు పేజీలది. ఆ నెల పట్టిక పెట్టి చూశారు, పాత పట్టికలు పెట్టి చూశారు, తిరగేసి చూశారు, మూడు వారాలు చూశారు. చివరికి కమిటీ రిపోర్టు ఇచ్చింది. "ఇది మన పద్ధతి కంటె ఉన్నత శ్రేణికి చెందినది. దీని కర్త సంస్థకు తరగని ఆస్తి."

సంగతి ముందుగా లోకనాథం వ్యాన్లో వచ్చింది.

"కొంప మునిగినాది శంకరంబాబూ! మిమ్మల్ని తాళంచెవుల అధికారిని సేసినారంట. విజయవాడ పెద్దాపీసులో కుర్సీ, ఏసీ గది. అన్ని బ్రాంచీల ఉత్తరాలూ ఇక మీరే విప్పాలంట. పదిహేను రోజుల్లో జాయినవ్వాలంట!"

భీమశంకరానికి మళ్ళీ శనివారాలూ సోమవారాలూ, రైలు కిటికీలూ, ఉప్పులేని పప్పూ కళ్ళముందు తిరిగాయి. మర్నాడు ఆర్డరు రానే వచ్చింది. గబగబా అందుకుని చూశాడు.

మూడు పేజీల అంకెలు.

ఆ ఒకటో తారీకు తరవాత ఏ బ్రాంచికీ ఏ పట్టికా అందలేదు. ప్రతినెలా కొత్త పట్టికని, అందని పాత పట్టికలో రాసి క్రమం తప్పకుండా పంపుతూనే ఉన్నారు. ఆ అంకెల్ని విప్పాల్సింది తాళంచెవుల అధికారి. ఆ అధికారి ఎవరో చెప్పే కాగితం, ఆ అంకెల్లోనే ఉంది.

భీమశంకరం నిదానంగా ఓ గ్లాసు మంచినీళ్ళు తాగాడు.

"ఏమిటండీ అది?" అన్నాడు కాకినాడ మేనేజరు.

"ఏమోనండి, పట్టిక రాలేదు కదా."

"లోకనాథం ఏదో అంటున్నాడు, మీకు విజయవాడ అనీ..."

"సార్!" అన్నాడు భీమశంకరం, పట్నాయక్‌గారిలాగే కళ్ళద్దాలు తీసి. "విప్పని ఉత్తరంలో ఏముందో మనకి అనిపించకూడదండి. లీకు కిందకొస్తుంది."

మేనేజరు చప్పున నోటిమీద వేలేసుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వసుంధర గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. తవిటమ్మ ఫోను అప్పటికే అయిపోయింది.

"విజయవాడటగా?"

"ఎవరన్నారు? కాగితం ఇదిగో, నువ్వే చదువు."

ఆమె అంకెల వంక చూసి, ఆయన వంక చూసి, నెమ్మదిగా నవ్వింది. "మరి జవాబు రాయరూ?"

"రాయకపోతే ఎలా? మన గ్యాసు బుకింగు నెంబర్లన్నీ ఓసారి ఇలా ఇయ్యి."

పది రోజులకి ఆ జవాబు పేజీకో 'భద్రము' ముద్రతో తిరిగొచ్చింది. ఆ రోజు మంగళవారం. టికెట్లకి పని తీరిపోయిన బిస్కట్ల డబ్బాలో వసుంధర మినప్పప్పు పోసి మూత పెడుతోంది.